గేటుమీది పలకకు టీకాతాత్పర్యములు

మూలము: “మనవి. దయచేసి మీ కుక్కను మా పచ్చికమీద వదలవద్దు. వదలినచో తీసికొనిపోవలెను. ఇట్లు, ఇంటి యజమాని.”

అవతారిక. హైదరాబాదు నగరమున ఒకానొక కాలనీలో మూలమలుపునందలి యింటివారు, తమ ప్రహరీగోడకును మునిసిపాలిటీవారి రోడ్డునకును నడుమ మిగిలిన రెండుమూడడుగుల నేలను చూచి జాలిపడి, కంకర యేరించి, ఎఱ్ఱమన్ను పోయించి, పచ్చిక నాటించి, ఉదయమున కాఫీ త్రాగుచు దానిని చూచి యానందింపదలచినవారై, ఆ యానందమును తమకంటె ముందుగా వచ్చి యనుభవించిపోవువా రున్నారని కొలది దినములలోనే గ్రహించి, ఇనుపరేకునకు తెల్లరంగు పూయించి, నల్లని యక్షరములతో పయి వాక్యములను వ్రాయించి గేటునకు కట్టిరి. గ్రంథము మిక్కిలి చిన్నది. సూత్రగ్రంథములు చిన్నవిగా నుండుట వాడుక. వానిని ఎవరికి తోచినట్లు వారు అన్వయించుకొనుటయు వాడుకయే. గొలుసు చేతబట్టుకొని యా త్రోవను పోవువారందఱును ఈ పలకను చదువుచునే యున్నారు. పచ్చికమీద నిలుచుచునే యున్నారు. దోషము చదువరులది కాదు, వ్యాఖ్యానము లేకపోవుటవలన వచ్చినదని భావించి మేమీ పనికి పూనుకొంటిమి.

ప్రతిపదార్థము. “మనవి” యనగా ఆజ్ఞాపించు నధికారము లేనివాడు చేయు ఆజ్ఞ. “దయచేసి” యనునది కోపము గొంతుదాక వచ్చిన పిదప మర్యాదస్థులు ప్రయోగించు పదము. “కుక్కను” అనుచోట మాత్రము గ్రంథకర్త తొందరపడెనని మా యభిప్రాయము. అమరసింహుడు కౌలేయకము, సారమేయము, భషకము అని యిన్ని పర్యాయములు అనుగ్రహించియుండగా, వానిని విడిచి నాటుమాటను గ్రహించుట తగదు; ఏలయన, ఈ కాలనీలో కుక్కను పెంచువారెవ్వరును తమయింట కుక్క యున్నదని యొప్పుకొనరు. వారి యింట నున్నది బ్రూనో, లేదా సీజరు, లేదా చిన్నబాబు. “కుక్కను పట్టుకోండి బాబూ” అని దారినపోవు పెద్దమనిషి కేకవేసినచో, “దానికి పేరుందండీ” అని నొచ్చుకొందురు. కావున పలకను చదివిన ప్రతివారును ఇది కుక్కలు గలవారిని గూర్చి వ్రాసినదని నిశ్చయించుకొని, బ్రూనోను పచ్చికమీదికి నడిపింతురు. అంతేకాదు, బ్రూనోతో వారు మాటలాడునది యింగ్లీషు. “సిట్”, “నో”, “కమాన్” అనునవి తప్ప తెలుగుముక్క దాని చెవిని పడనీయరు. పలకయేమో తెలుగున నున్నది.

“పచ్చిక” యనగా లాను. నర్సరీవారు బెర్ముడా యని పేరుపెట్టి అమ్ముగడ్డి మన గరికయే. వినాయకచవితినాడు పూజకై మనము వీథులవెంట వెదకికొను దూర్వయే. ఇచట కొందఱు పూర్వపక్షము చేయుదురు: గరిక తొక్కినకొలది పెరుగునది, కుక్కమూత్రమున యూరియా గలదు, రైతు పొలమున చల్లునదియు యూరియాయే, కావున మా బ్రూనో ప్రతిదినమును ఉచితముగా ఎరువు వేసిపోవుచున్నాడు గదా యని. వాదము వినుట కింపుగా నున్నది గాని, పచ్చికను వంగి చూచినవారి యెదుట నిలువదు. కుక్క నిలిచిన చోట అరచేయంత మేర గడ్డి యెండి గోధుమవన్నెకు తిరుగును. దాని చుట్టును వలయముగా గడ్డి మాత్రము మిగిలినదానికంటె ఏపుగా, ముదురాకుపచ్చగా పెరుగును. నడుమ పడినది మితిమీరిన మోతాదు గనుక మాడ్చినది. అంచులకు ప్రాకినది తగుమాత్రము గనుక ఎరువైనది. పిడికెడు యూరియా ఒకేచోట జాఱవిడిచిన రైతు నడిగినను ఇదే చెప్పును. వెంటనే ఒక చెంబెడు నీరు గ్రుమ్మరించినచో మాడదు. కాని చెంబు చేతబట్టుకొని కుక్కను త్రిప్పువానిని మేమింకను చూడలేదు.

మఱియొక పూర్వపక్షము ఇంతకంటె సూక్ష్మమైనది. ధనుర్మాసమున మీరే గేటుముందు పేడనీళ్లు కల్లాపి చల్లి, ముగ్గు తీర్చి, గొబ్బెమ్మను నిలిపి గుమ్మడిపువ్వు తురుముదురు గదా. ఒక జంతువుది పూజ్యమును, వేఱొక జంతువుది హేయమును ఎట్లగునని. సమాధానము: ఆవు గడ్డి తినునది, కుక్క మాంసము తినునది. కుక్క మలమునందు ఏలికపాముల గ్రుడ్లు, కొంకిపురుగుల గ్రుడ్లు ఉండవచ్చును. మొదటివి మట్టిలో నెలలతరబడి చావక పొంచియుండును. రెండవవానినుండి పుట్టిన పురుగు లుత్తపాదముల చర్మమును తొలుచుకొని లోపలికి పోగలవు. వేకువనే చెప్పులు విడిచి ముగ్గుపెట్టు నావిడ కిది యుపమానముతో చెప్పవలసిన విషయము కాదు.

అన్వయము. మొదటి వాక్యము స్పష్టము. చిక్కంతయు రెండవదానియందున్నది. “వదలినచో తీసికొనిపోవలెను” అని గ్రంథకర్త కర్మపదమును మ్రింగివైచెను. దేనిని తీసికొనిపోవలెను? దగ్గఱనున్న కర్మపదము “కుక్కను” అనునదే గనుక కుక్కనే తీసికొనిపోవలెనని యొక సంప్రదాయము. వీథిలో సర్వజనాదరమును పొందినది యిదియే. ఎంతటి పరధ్యానము గలవాడును కుక్కను పచ్చికమీద మఱచి యింటికి పోయినట్లు వినము. ఐనను అట్లర్థము చెప్పినచో వాక్యము వ్యర్థమగును. చెప్పకయే జరుగుదానిని విధింప బనిలేదని మీమాంసకుల మతము. కావున కుక్క వదలినదేదో దానిని తీసికొనిపోవలెనని అధ్యాహారము చేసికొనుటయే యుక్తము. మర్యాదచే గ్రంథకర్త దాని పేరెత్తలేదు. ఆ మర్యాదయే ఆయన కొంప ముంచినది.

ఇక కర్త యెవరు? పని చేయునది కుక్క. చేయించువాడు గొలుసు రెండవకొనను పట్టుకొన్నవాడు. వ్యాకరణమున మొదటిది ప్రయోజ్యకర్త, రెండవవాడు ప్రయోజకకర్త. యజమాని పడకనుండి లేవక వాచ్‌మన్‌ను పంపినచో ప్రేరణమీద ప్రేరణ వచ్చి, బాధ్యత యెవరిదో తేల్చుటకు పాణినియే దిగిరావలెను. ఆ మహర్షి కుక్కను, యువకుని, ఇంద్రుని ఒకే సూత్రమున గట్టినవాడు గనుక ఇట్టి తగవులకు వెనుదీయడు.

ప్రయోజకకర్త లక్షణము ప్రత్యక్షముగా చూడదగినది. కుక్క నేలను మూచూచుచు చుట్లు తిరుగునంతసేపు ఆయన దానివైపే చూచుచుండును. అది నడుము వంచగానే ఆయన ముఖము పయికి లేచును. కరెంటుతీగలను పరిశీలించును, ఎదుటిమేడకు క్రొత్తగా వేసిన రంగును మెచ్చుకొనును, జేబులోని ఫోను తీసి యెన్నడో చదివిన సందేశమును మరల చదువును. గొలుసు మాత్రము చేతినుండి జాఱదు. కుక్క వెనుకకాళ్లతో రెండు గడ్డిపరకలు చిమ్మి కదలునంతలో ఆయనకు లోకస్మృతి కలిగి “కమాన్” అనును. గేటు తెఱచుకొని యింటావిడ బయటికి వచ్చినచో, “ఏమీ చెయ్యదండీ, చాలా మంచిది” అనును. ఏమీ చేయనిదానివలన ఇంత యెట్లు జరిగెనని ఆవిడ యడుగదు, ఆవిడయు మర్యాదస్థురాలే.

విశేషములు. పలక పనిచేయకపోవుటచే ఇంటివారు ప్రక్కింటివారి మాటపై గేటునకు సీసా వ్రేలాడదీసిరి. తెలుగు పట్టణములలో వీథివీథికిని కనబడు ప్రయోగ మిది. దీనియందు రెండు శాఖలు గలవు. కుంకుమ కలిపిన ఎఱ్ఱనీరు చూచి కుక్క రక్తమని బెదరునని యొక శాఖ. బట్టల నీలిమందు కలిపిన నీరే శ్రేష్ఠమని వేఱొక శాఖ. కుక్క కంటిలో రంగులను గుర్తించు కణములు రెండు తెగలవే యున్నవి. నీలమును, పసుపును అది వేఱుపఱచి చూడగలదు. ఎఱుపు దానికి మబ్బుపట్టిన మట్టిరంగువలె తోచును. దీనితో రక్తవాదము కూలినది. నీలవాదము కూలనక్కఱలేదు గాని నిలిచినదనియు చెప్పలేము: కుక్క నీలిసీసాను చక్కగా చూచి, నిలువుగానున్న ప్రతివస్తువునకు చేయు మర్యాదయే దానికిని చేసి, కాలు దించి పోయినది. కుక్క లోకమును కంటితో కాక ముక్కుతో చదువును. నిన్నటి కుక్క వ్రాసిపోయినదానికి నేటి కుక్క జవాబు వ్రాయును. ఆ పచ్చిక వాని తపాలాపెట్టె. సీసాను చూచి వానికి ఉత్తరప్రత్యుత్తరములు మానవలసిన కారణము కనబడదు.

కొందఱు మిరపపొడి చల్లుదురు, కొందఱు రాయి విసరుదురు. ఇది శాస్త్రవిరుద్ధము. జనమేజయుని సోదరులు యాగశాలయందు ఏ తప్పును చేయని, సరమ యను ఆడుకుక్క కొడుకును కొట్టగా, జనమేజయుడు ఆ తల్లిచేత శాపము పొందిన కథ భారతమున ఆదిపర్వమందే యున్నది. అంత దూరము పోనేల. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను చూచినను చాలును. పెంచువారి పక్షమున ధర్మరాజును సాక్ష్యమునకు పిలుచుట కలదు. స్వర్గద్వారముకడ ఇంద్రుడు వలదన్నను ఆయన కుక్కను విడువలేదు గదా యని. విడువలేదు, నిజమే. కాని యా మహాప్రస్థానమున ఆ శునకము దారిపొడవున ఎవ్వరి వాకిలిని పాడుచేసినట్లు వ్యాసభట్టారకుడు వ్రాయలేదు. న్యూయార్కు నగరమువారు ఇట్టి నమ్మకము పెట్టుకొనక, కుక్క విడిచినదానిని దానిని నడిపించువాడే యెత్తవలెనని 1978లో చట్టమే అమలులో పెట్టిరి. మన భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను, జంతువువలన ప్రాణాపాయము గాని తీవ్రగాయము గాని కలుగకుండ జాగ్రత్తపడనివానికి ఆరునెలలవఱకు ఖైదును గాని, ఐదువేల రూపాయలవఱకు జుల్మానాను గాని, రెండింటిని గాని చెప్పినది. పచ్చిక మాట చెప్పలేదు.

తాత్పర్యము. కుక్కను త్రిప్పువాడు గొలుసుతోపాటు ఒక కవరును, పాతపత్రిక ముక్కను చేతబట్టుకొనియే యిల్లు వెడలవలెను. ఇతరుల వాకిళ్లు వచ్చినపుడు గొలుసు పొట్టిగా పట్టవలెను. ఖాళీ ప్లాటు ఎవరిదియు కాదనుకొనరాదు. కుక్క నడుము వంచినపుడు ఆకాశమును గాక దానినే చూడవలెను. చేతికి కవరు తొడుగుకొని, పత్రికముక్కతో ఎత్తి, కవరును తిరుగవేసి ముడివైచి యింటికి తీసికొనిపోవలెను. పత్రికలలో నునుపు కాగితపు అనుబంధములు పనికిరావు, జాఱును. సాదా కాగితము తేమను పీల్చి పట్టునిచ్చును. సంపాదకీయపుట, సాహిత్యపుట యను భేదము లేదు. ఈ టీక యచ్చైన పుటయు, చదివిన పిమ్మట, ఇందుకు వినియోగపడినచో వ్యాఖ్యాత కభ్యంతరము లేదు.