రెండు పంచాంగాల ఫోటోగ్రాఫర్

ఫోటోగ్రఫీలో దిగుదామనుకునే మన కుర్రాళ్ళు ఊరినుంచి ఫోన్ చేసి అడిగేది ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఏ లెన్స్ కొనమంటావు?" నా జవాబూ ఒకటే: "ముందు పంచాంగం కొను. కలకత్తా వచ్చేటట్టయితే రెండు కొను." నేనేదో రహస్యం దాస్తున్నాననుకుని వాళ్ళు ఇంకొకడికి ఫోన్ చేసుకుంటారు.

సత్యజిత్ రాయ్ వెంట పాతికేళ్ళు తిరిగి ఫోటోలు తీసిన నిమాయ్ ఘోష్ చేతికొచ్చిన మొదటి కెమెరా, ఎవరో టాక్సీలో మరచిపోయిందట. ఫ్లాష్ జోలికి పోకుండా ఉన్న వెలుగుతోనే పని కానిచ్చాడాయన. పరికరాల పిచ్చి వదిలిద్దామని ఈ కథ ఒకడికి చెప్పాను. వాడిప్పుడు టాక్సీ ఎక్కితే ముందు వెనకసీటు కింద వెతుకుతున్నాడు.

పంచాంగం సంగతి హాస్యానికన్నది కాదు. మన నెలలు చంద్రుణ్ణి నమ్ముకున్నాయి, బెంగాలీల పంచాంగమైన పంజికలో నెలలు సూర్యుణ్ణి. పేర్లు అవే, లెక్కలు వేరు. మన చైత్రం ఉగాదితో మొదలయ్యే కొత్త నెల. వాళ్ళ చైత్రం మార్చి సగంనుంచి ఏప్రిల్ సగందాకా, ఏడాదికి ఆఖరి నెల. ఆ నెల్లో పెళ్ళిమాట ఎత్తరు. భాద్రం, పౌషం కూడా అంతే. ఆషాఢం దగ్గరే ఉంది మజా. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని మనవాళ్ళు కొత్త కోడల్ని పుట్టింటికి పంపేసే ఆ రోజుల్లో, బెంగాలీలు జోరువానలో శంఖాలూదుతూ పెళ్ళిళ్ళు చేస్తారు. ఊళ్ళో ఉన్న ఫోటోగ్రాఫర్ ఆషాఢంలో లెన్సులు తుడుచుకుంటూ కూర్చుంటాడు. నేను ఖరగ్‌పూర్ తెలుగు పెళ్ళిళ్ళు ముగించుకుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, కలకత్తాలో భవానీపూర్ వాననీళ్ళలో దిగుతాను. గుప్తా ప్రెస్ పంజికా, మన గంటల పంచాంగమూ నా కెమెరా సంచిలో పక్కపక్కనే ఉంటాయి. ఎప్పుడూ పోట్లాడుకోలేదు.

ఆ వానే మళ్ళీ శత్రువు. గంగ ఒడ్డు తేమకి లెన్సులో బూజు పట్టడమంటే ఇక్కడ జలుబు చేసినంత మామూలు. గాలిలో తేమ నలభై, యాభై శాతం మధ్య ఉండే పెట్టెలో లెన్సులు దాచుకోవాలి. డ్రై క్యాబినెట్ కొనలేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ చాలు. జెల్ రంగు మారితే మళ్ళీ వేడిచేసి వాడుకోవచ్చు. తోలు సంచిలో మాత్రం నెలల తరబడి పెట్టకూడదు, బూజుకి అది అత్తారిల్లు. ఏసీ గదినుంచి ఒక్కసారి బయటి ఉక్కలోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి కమ్ముతుంది. లోపలుండగానే జిప్ కవర్లో పెట్టి మూసి, బయటికొచ్చాక ఓ పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి తీయాలి. నేనిలా ఆగడం చూసి కింది వాటాలో ఉండే తాతగారు, మా దాదు, "లెన్సుకి ఠాండా తగిలిందా?" అని అడిగారు. ఔనన్నాను. మంకీ క్యాప్ తొడగమన్నారు, బూజు మచ్చ మీద బోరోలిన్ రాయమన్నారు. 1929 నుంచీ ఈ నగరంలో ఆ పచ్చ ట్యూబు నయం చేయలేనిది లేదు కాబట్టి, ఆయనతో వాదన పెట్టుకోలేదు.

సెకండ్ హ్యాండ్ లెన్స్ కావాలంటే ధర్మతలాలో మెట్రో సినిమా పక్క సందుకి పోవాలి. మెట్రో గలీ అంటే ఎవరైనా చూపిస్తారు. వెనకనుంచి టార్చి వేసి చూడు. సాలెపోగులు కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయ్. బేరం మాత్రం దాదా అన్నాకే మొదలుపెట్టు.

ఇక వెలుగు. భారత కాలమానానికి కొలతగా తీసుకున్న రేఖ మన కాకినాడ పక్కనుంచి పోతుంది. కలకత్తా దానికి ఆరు డిగ్రీలు తూర్పున ఉంది. గడియారం కంటే సూర్యుడిక్కడ ఇరవై మూడు నిమిషాలు ముందుంటాడు. 1948 దాకా ఈ ఊరు తన సొంత టైమే పాటించింది కూడా. హైదరాబాద్ జంటలకిది ఎక్కదు. డిసెంబర్లో ప్రిన్సెప్ ఘాట్ దగ్గర ప్రీవెడ్డింగ్ షూట్, "సాయంత్రం ఆరింటికి వస్తామండీ, గోల్డెన్ అవర్" అంటారు. అయిదు కాకుండానే సూర్యుడు విద్యాసాగర్ సేతు వెనక సర్దుకుని వెళ్ళిపోతాడు. మూడున్నరకి మేకప్ వేసుకుని రమ్మంటే, పెళ్ళికొడుకు అది తన మధ్యాహ్నం నిద్రవేళ అంటాడు. జూన్‌లో తెల్లవారి షూట్ అయితే నాలుగుంబావుకి ఘాట్ మీదుండాలి. ఆ మాట విన్నాక సగం జంటలు స్టూడియోయే మేలంటాయి.

పెళ్ళిలో కళ్ళకంటే చెవులు ముఖ్యం. బెంగాలీ వధువు తమలపాకులతో ముఖం దాచుకుని పీట మీద కూర్చుంటే, అన్నదమ్ములు ఆ పీట ఎత్తి వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పుతారు. ఆకులు తీయగానే శుభదృష్టి. ఆడవాళ్ళ ఉలుధ్వని తారస్థాయికి వెళ్ళిందంటే అదే క్షణం, వ్యూఫైండర్లోంచి కన్ను తీయొద్దు. మనకైతే గట్టిమేళం. అడ్డుతెర దిగుతుంది, జీలకర్రబెల్లం తలలెక్కుతుంది, అక్షింతలన్నీ వధూవరులను తప్పించుకుని నా లెన్స్ మీద పడతాయి. ఇందుకే హుడ్ తీయను. బెంగాలీ వరుడి తెల్లటి టోపోర్ కిరీటమైనా, మన మధుపర్కాలైనా లైట్లకి సున్నంలా పాలిపోతాయి. తెలుపుని చూసి ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించుకోవాలి. భోజనం మాత్రం రెండు పెళ్ళిళ్ళలోనూ మొదటి బంతిలోనే కానిచ్చేయాలి. ఆ తర్వాత ఆకలి మన సొంత వ్యవహారం.

అడ్వాన్స్ తీసుకున్న రోజే కాగితం రాయించుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. మన ప్రచారానికి వాడుకుంటామన్న ఒక్క వాక్యం అందులో ఉండాలి. ఆల్బమ్ చేతికందాక అడిగితే పెళ్ళికూతురి మామయ్యల్లో ఒకాయన లాయరు అయి తీరతాడు.

అన్నిటికంటే ముఖ్యమైంది కాపీలు. ఎస్ప్లనేడ్‌లో బోర్న్ అండ్ షెపర్డ్ అని 1860ల నాటి స్టూడియో ఉండేది. 1991లో నిప్పంటుకుని పాత నెగిటివ్‌లెన్నో పోయాయి, 2016లో స్టూడియోయే మూతపడింది. కనక మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, అందులో ఒకటి వేరే ఊళ్ళో. నా మూడో కాపీ ఖరగ్‌పూర్‌లో మా అత్తగారి బీరువాలో, పట్టుచీరల మధ్య ఉంటుంది. భద్రతకి లోటు లేదు. తీసుకోవడమే కష్టం. ఏ పెళ్ళిదో ముందు చెప్పాలి, వాళ్ళ ఇంటిపేరు చెప్పాలి, వాళ్ళు మాకేమవుతారో ఆవిడ తేల్చుకోవాలి. అప్పుడు గాని తాళం తీయదు.