గోంగూరకు డెలావేర్ చట్టం

ఇంటర్నెట్టులో అందరం కలిసి ఆడే అబద్ధం ఒకటుంది: "నిబంధనలూ షరతులూ చదివాను, ఒప్పుకుంటున్నాను." ఇది కొనేవాడి అబద్ధం. అమ్మేవాడిది ఇంతకంటే ఘనమైనది. వాటిని తానే రాశానంటాడు.

మా బావమరిది విజయవాడలో పచ్చళ్ల వెబ్‌సైటు తెరిచాడు. పచ్చళ్లు పెట్టేది మా అత్తగారు. సైటు నెత్తిన నవ్వుతున్న ముసలావిడ మాత్రం ఎవరో మాకు తెలీదు, బొమ్మ ఊరికే దొరికిందని పెట్టాడు. సీసాల ఫొటోలకు నెల పట్టింది గానీ నిబంధనల పేజీ ఒక్క రాత్రిలో తయారైంది. అమెరికాలో బూట్లమ్మే కంపెనీ ఏదో లాయర్లకు డబ్బు పోసి రాయించుకున్నదాన్ని ఎత్తి, పేరు మార్చి అతికించాడు. అందుచేత మా వాళ్ల గోంగూర మీద ఏ తగాదా వచ్చినా డెలావేర్ రాష్ట్ర చట్టాల ప్రకారమే తేల్చాలి. సరుకు నచ్చకపోతే వాపసు పంపొచ్చు, కాకపోతే అప్పటికే తొడుక్కుని బయట తిరిగి ఉండకూడదు. సైజు మార్పిడి ఉచితం.

"డెలావేర్ ఎక్కడుందో తెలుసా నీకు?" అంటే, "ఎక్కడుంటే ఏం బావా, అంత దూరం వెళ్లి కేసెవడు వేస్తాడు?" అన్నాడు.

వాడి తెలివిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం ముందే కనిపెట్టింది. కొన్నవాడు తానుండే ఊళ్లోనో, ఉద్యోగం చేసుకునే ఊళ్లోనో జిల్లా కమిషన్‌కు వెళ్లి ఫిర్యాదు చేసుకోవచ్చు. సీసా మూత శ్రీకాకుళంలో ఊడితే మా వాడు శ్రీకాకుళం పోవాలి, ఆదిలాబాద్‌లో ఊడితే ఆదిలాబాద్ పోవాలి. సరుకు ఖరీదు 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. గోంగూర 5 లక్షలు దాటదనే నా నమ్మకం, కానీ ఈ మధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో కొందరు వేస్తున్న రేట్లు చూస్తే ఆ నమ్మకం సడలుతోంది.

అసలు రేటు చెప్పేవాళ్లే తక్కువ. "ధరకు డీఎం చేయండి" అంటారు, పెళ్లికొడుకు కట్నం సంగతి మధ్యవర్తితో మాట్లాడుకోమన్నట్టు. తూనికలు, కొలతల శాఖ వారి 2011 ప్యాకేజీ నియమాల ప్రకారం సీసా మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ ఉండాలి. ఆన్‌లైన్‌లో అమ్మితే వీటిలో చాలావాటిని తెర మీదా చూపించాలి. కిలోలోపు సరుకైతే గ్రాము ఎంత పడిందో కూడా వేయాలి. అరకిలో ఆవకాయ 300 రూపాయలంటే గ్రాము 60 పైసలు. మా అత్తగారు ఆ లెక్క విని, "గ్రాము ఆవకాయ ఎవరు తింటారు నాయనా, నాలిక్కి అంటను కూడా అంటదు" అంది. ఎక్స్‌పైరీ తేదీ దగ్గర ఇంకా పేచీ వచ్చింది. ఏం వేయమంటావమ్మా అని కొడుకు అడిగితే, "మళ్లీ మామిడికాయ వచ్చేదాకా అని వెయ్యి" అంది. ఆహార భద్రత సంస్థ వారి 14 అంకెల నంబరు మాత్రం కిక్కురుమనకుండా తీసుకున్నారు. ఇంటి వంటిల్లయినా సరే, అమ్మకానికి చేస్తే అది తప్పదు.

జీఎస్టీ కథ రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర మొదలవుతుంది. వస్తువులమ్మే చిన్న వ్యాపారికి ఏడాది అమ్మకాలు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చెబుతారు. అది విని మా వాడు కాలు మీద కాలేసుకున్నాడు. కానీ ఆ వెసులుబాటు సొంత రాష్ట్రంలో అమ్ముకున్నంత వరకే. పన్ను పడే సరుకు సరిహద్దు దాటిందంటే మొదటి రూపాయి నుంచే రిజిస్టర్ కావాలి. విజయవాడ నుంచి అనకాపల్లికి వెళ్లే సీసా సొంతింటి బిడ్డ. అంతకంటే దగ్గర్లో ఉన్న కోదాడకు వెళ్లే సీసా అంతర్రాష్ట్ర వ్యాపారం. 2014 జూన్ 2కి ముందు ఈ రెండూ ఒక్కటే. రాష్ట్రం విడిపోయినప్పుడు ఉద్యోగుల పంపకం, నీళ్ల పంపకం గురించి ఎంత రాశాం! హైదరాబాద్‌లో ఉన్న కూతురికి పచ్చడి కొని పంపే తల్లి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

ఇక పేరు. "అమ్మచేతి" అని పెట్టుకుని దాని పక్కన సున్నాలో ఆర్ గుర్తు వేశాడు, అందంగా ఉందట. రిజిస్టర్ కాని పేరుకు ఆ గుర్తు వేయడం ట్రేడ్‌మార్క్ చట్టానికి విరుద్ధం. పైగా తెలుగునాట అమ్మచేతి, అమ్మమ్మచేతి, బామ్మగారి, నాయనమ్మ అని పేరు లేని పచ్చళ్ల కొట్టు ఎక్కడుంది? ఊరుమ్మడి అమ్మను ఒక్కడి సొంతం చేయమంటే రిజిస్ట్రీ వారు మాత్రం ఏం చేస్తారు? ఆ తర్వాత సరుకుల్లో పూతరేకులు చేర్చి, "ఆత్రేయపురం" అని రాశాడు. చుట్టేది విజయవాడ పటమటలో. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పటమటకు ఇంకా రాలేదు.

మావాణ్ణి అనుకుని ఏం లాభం, పెద్ద కంపెనీలను చూసి నేర్చినవాడే. వాళ్ల సైట్లలో కనిపించే మాయలకు డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టి, 13 రకాలుగా విడదీసి, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. ఆ జాబితా వీడికి నిషేధంలా కాదు, పాఠ్యప్రణాళికలా కనిపించినట్టుంది. "ఇంకా 2 సీసాలే మిగిలాయి" అన్న ఎర్ర అక్షరాలు ఉగాదికి వెలిగాయి, దసరాకూ వెలుగుతున్నాయి. బుట్టలో మాగాయ వేస్తే పక్కన కరివేపాకు పొడి తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. అది తీసేద్దామని నొక్కితే కనిపించే బటన్ మీద రాసింది చదవండి: "వద్దు, నాకు అమ్మచేతి రుచి అక్కర్లేదు." ఆ మాట నొక్కే ధైర్యం ఏ తెలుగువాడికుంది?

సమీక్షలన్నీ ఐదు నక్షత్రాలే. "అద్భుతం, మా అమ్మ గుర్తొచ్చింది" అని రాసిన రాజమండ్రి గృహిణి మా ఇంట్లోనే ఉంటుంది, వాడి అక్క. అమ్మేవాడు కొన్నవాడి వేషం కట్టి సమీక్షలు రాయకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. రాసిన మాట మాత్రం అబద్ధం కాదుగా అని ఆవిడ వాదన.

చీరల లైవ్‌ల వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. "నో రిటర్న్, నో ఎక్స్చేంజ్. పార్సిల్ విప్పే వీడియో కట్ లేకుండా ఉంటేనే మాట్లాడండి." చినిగిన చీర పంపి వీడియో లేదు పొమ్మంటే చెల్లదు. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టం స్పష్టంగానే చెప్పింది. ఆ ఫిర్యాదుకు 1915 నంబరుంది. కానీ ఫిర్యాదు ఎవరి మీద చేయాలి? అమ్మినావిడ పేరు "అక్క", ఊరు "హైదరాబాద్", చిరునామా ఫోన్‌పే నంబరు.

నాకు ఒళ్లుమండేది ఇక్కడే. కొనేవాణ్ణి పేరు, ఫోను, మెయిలు, డోరు నంబరు, ఆనవాలుకు గుడో బడో, పుట్టినరోజు, చివరికి పెళ్లిరోజు కూడా అడుగుతారు, ఆఫర్లు పంపడానికట. వాళ్ల వైపు నుంచి మనకు దక్కేది "మమ్మల్ని సంప్రదించండి" అనే బటన్. అది నొక్కితే ఒక ఖాళీ డబ్బా తెరుచుకుని మళ్లీ మన పేరూ ఫోనూ అడుగుతుంది. బజార్లో కొట్టు అద్దెకు తీసుకున్నవాడు బోర్డు, కాటా, మనిషి, గల్లా పెట్టుకుంటాడు. ఆన్‌లైన్ కొట్టుకు గల్లా ఒక్కటే ఉంది. అరడజను చట్టాలు, అరడజను పోర్టళ్లు, ఒక్కోదానికి ఒక్కో ఓటీపీ పెట్టిన ప్రభుత్వం మీద నాకూ కోపమే. ఇవన్నీ రెండు పేజీల తెలుగులో చెప్పడం బ్రహ్మవిద్య కాదు. కానీ నీ పేరూ చిరునామా రాయవయ్యా అన్న ఒక్క షరతుకు మాత్రం ఏ వ్యాపారీ ఏడవక్కర్లేదు.

అడిగి తీసుకున్న వివరాలను ఏం చేస్తారో కూడా చూశాను. మా వాడి కస్టమర్ల జాబితా ఒక ఎక్సెల్ షీటు. అది ప్యాకింగ్ చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఉంది, కొరియర్ కుర్రాడి ఫోన్లో ఉంది. 2023 వ్యక్తిగత డేటా చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, పూర్తిగా అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, సమ్మతి అడిగి, ఆ పనికి ఎంత కావాలో అంతే తీసుకోవాలి. కాపాడలేక బయటికి పొక్కితే జరిమానా 250 కోట్ల దాకా. మా వాడు దాన్ని అరకిలో సీసాల్లోకి మార్చి లెక్క చెబితే, "అంత కాయ ఎక్కడ దొరుకుతుందిరా?" అని అత్తగారు నిజంగానే దిగులుపడింది.

ఫిర్యాదుల అధికారి పేరు కూడా సైటులో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. జీతం అడగని మనిషి కావాలి గనుక అత్తగారినే నియమించారు. మొదటి ఫిర్యాదు కరీంనగర్ నుంచి వచ్చింది, ఆవకాయలో ఉప్పెక్కువైందని. ఆవిడ 48 గంటలు ఆగే రకం కాదు, వెంటనే ఫోన్ చేసింది. "ఉప్పు మూడోనాటికి సర్దుకుంటుందమ్మా, అన్నంలో నెయ్యి కాస్త ఎక్కువ వేసుకో" అని మొదలుపెట్టి, ఇంటిపేరు, గోత్రం, పెద్దబ్బాయి అమెరికాలో ఏ వీసా మీదున్నాడు, రెండోవాడికి సంబంధాలు చూస్తున్నారా, ఎంత ఎత్తు, అన్నీ అరగంటలో రాబట్టింది. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. కిలో మాగాయకు ఆర్డరూ ఇచ్చారు.

ఇప్పుడు మా వాడు ప్రైవసీ పాలసీ తిరగరాస్తున్నాడు. గోత్రం ఏ అవసరం కోసం సేకరించినట్టు రాయాలి బావా అని పొద్దున్నే ఫోన్ చేశాడు.