డెబ్బై రెండు గంటల కాపలా

నేనొక క్లిప్పును. రెండు ఉక్కు దవడలు, వెనక చిన్న తోక, అంతే నా ఒళ్లు. చిన్నమనూరు రైతు ఒకాయన చిన్నపేగు మొదట్లో, వెనక గోడ మీది పుండును కరుచుకుని ఉన్నాను.

వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. ముల్లైపెరియార్ నీటితో వరి పండిస్తారు. మోకాళ్ల నొప్పులకని ఏడాదిగా డైక్లోఫెనాక్ మాత్రలు కొనుక్కుని మింగుతున్నారు. మూడు రోజులు విరేచనం తారులా నల్లగా పోయినా, ఆడపిల్లకి ఏం చెబుతాంలే అని ఊరుకున్నారు. నాలుగోనాడు పెరట్లో కళ్లు తిరిగి పడ్డారు. "నైనా, నైనా" అంటూనే కూతురు కారులో మదురైకి తెచ్చింది.

అక్కడ డాక్టరమ్మ ముందు రక్తం ఎక్కించి, తర్వాతే ఎండోస్కోపీకి దిగింది. పుండు మీది రక్తపు గడ్డను నీళ్లతో కడగ్గానే గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం చిమ్మింది. 1974లో ఫారెస్ట్ అనే వైద్యుడు ఎడిన్‌బరోలో ఇలాంటి పుళ్లకు మెట్లు కట్టాడు. చిమ్మే పుండుది మొదటి మెట్టు, ఒకటి-ఏ. డాక్టరమ్మ పుండు చుట్టూ పలచటి అడ్రినలిన్ ఎక్కించింది. రక్తం ఆగింది. కానీ ఆ మందు బిగువు సడలితే నాళం మళ్లీ తెరుచుకుంటుంది, ఒంటరిగా దాన్ని నమ్మకూడదు. అందుకే నన్ను పంపింది. దవడలు తెరిచి, నాళాన్ని మధ్యకు తీసుకుని, బిగించాను.

"మళ్లీ కారదు కదా?" అని కూతురు అడిగింది. డాక్టరమ్మ ధైర్యం చెప్పి పంపెయ్యలేదు. వచ్చేటప్పటికే బీపీ పడిపోయింది, హీమోగ్లోబిన్ ఏడే, పుండు రెండు సెంటీమీటర్లు దాటింది, పైగా ఆ వెనక గోడ అవతలే పెద్ద ధమని ఉంది. ఇవన్నీ మళ్లీ కారే పుండు గుర్తులే. వైద్యం చెయ్యకపోతే ఇలా రక్తం కారుతూ కనిపించే పుళ్లలో సగానికి పైగా మళ్లీ కారతాయి. నేనొక్కదాన్నే కాపలా కాయలేను: కడుపులోని ఆమ్లం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కట్టిన గడ్డనూ కరిగిస్తుంది. హాంకాంగ్‌లో 240 మంది మీద జరిపి 2000లో ప్రచురించిన పరిశోధనలో, ఎండోస్కోపీ తర్వాత 72 గంటలు ఆమ్లాన్ని అణిచే ఒమెప్రజోల్ నరంలోకి ఎక్కిస్తే నెలలోపు మళ్లీ కారినవారు నూటికి 22 నుంచి ఏడుగురికి తగ్గారు. ఈయనకూ ఆ డ్రిప్పే పెట్టారు.

రెండో రాత్రి మళ్లీ నల్లటి విరేచనం. కూతురు వణికిపోయింది. నర్సు నాడి చూసింది: 84. బీపీ నిలకడగానే ఉంది. హీమోగ్లోబిన్ తగ్గలేదు. అది పాత రక్తమే, పేగుల్లో మిగిలింది బయటికి పోతోంది. నాడి పరుగెత్తినా, వాంతిలో ఎర్రగా కనిపించినా, హీమోగ్లోబిన్ రెండు గ్రాములు పడినా మళ్లీ ఎండోస్కోపీయే. ఆ రాత్రి నేను వదల్లేదు.

నాలుగోనాడు ఇంటికి పంపారు. పుళ్లు పుట్టించే పైలోరీ క్రిమి కోసం చేసిన పరీక్షలో ఏమీ కనిపించలేదు. కానీ రక్తం కారుతున్నప్పుడు ఆ పరీక్షకు క్రిమి దొరక్కపోవచ్చు కాబట్టి, మళ్లీ పరీక్షకు రమ్మంది డాక్టరమ్మ. పుండుకు కారణమైన డైక్లోఫెనాక్ ముట్టుకోవద్దని చీటీ మీద తమిళంలో రాసింది. కూతురు దాన్ని తెలుగులో రెండుసార్లు చదివి వినిపించింది.

కొన్ని వారాల్లో నేనే ఊడి, ఎవరికీ తెలియకుండా బయటికి పోతాను. అందాకా అయ్యా, ఎవరైనా ఎంఆర్ఐ తీయాలంటే, లోపల క్లిప్పు ఉందని ముందే చెప్పండి. నల్లటి విరేచనాన్ని దాచినట్టు నన్ను దాచకండి.