టి తోక తగిలించుకున్న వైద్యం

అమెరికాలో డాక్టరు చేసే ప్రతి పనికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబర్ల పుస్తకం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సొత్తు. 1966 నుంచి వేస్తోంది. స్థిరపడ్డ వైద్యానికి అయిదంకెలు. కొత్తగా వచ్చినదానికి నాలుగంకెలు, చివర టి అనే తోక. ఈ తోక కోడ్‌లు 2001 నుంచి ఉన్నాయి. అయిదేళ్ల గడువిస్తారు. ఈలోగా ఎదిగితే తోక ఊడి అయిదంకెల కులీనుల్లో చేరుతుంది, లేకపోతే పుస్తకంలోంచి పోతుంది. మరీ జాలేస్తే గడువు పొడిగిస్తారు.

మరి డబ్బో? అదే అడక్కూడదు. మామూలు కోడ్‌కు డాక్టరు శ్రమకు ఇంత విలువ అని పాయింట్లు కడతారు. టి కోడ్‌కు పాయింట్లే ఉండవు. కోడ్ ఉన్నంత మాత్రాన డబ్బిస్తారనీ కాదు, ఇవ్వరనీ కాదు అంటుంది సంఘం. ఇంత నిష్పాక్షికత దేవుడికి కూడా సాధ్యం కాదు. బీమా కంపెనీలు ఆ రెండు ముక్కల్లో మొదటిదాన్నే గట్టిగా పట్టుకున్నాయి. రాత్రంతా హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా బీమా కంపెనీలకు ఫోన్లు చేసే మన ఏఆర్ కాలర్ పిల్లలకు ఆ జవాబు కంఠతా వచ్చు: ‘ఇది ప్రయోగదశలో ఉంది, క్లెయిమ్ డినై చేశాం.’

అసలు తమాషా తోక ఊడే షరతుల్లో ఉంది. పరికరానికి ఎఫ్‌డీఏ అనుమతి కావాలి, సరే. పనిచేస్తుందని పరిశోధనలు చెప్పాలి, అదీ సరే. దేశమంతటా చాలామంది డాక్టర్లు దాన్ని చేస్తూ ఉండాలి. డబ్బు రాని పనిని దేశమంతటా చాలామంది ఎందుకు చేస్తారు? పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. మన పెద్దలు ఒక్క ముక్కలో తేల్చిన ఈ చిక్కుకు అక్కడ కమిటీలు, గడువులు, దరఖాస్తులు ఉన్నాయి.

పేరు లేకపోవడమే నయమనిపించే ఘట్టం ఇంకొకటుంది. టి కోడ్ పుట్టకముందు డాక్టరు ‘అన్‌లిస్టెడ్’ కోడ్ వేసి, ఆపరేషన్ రిపోర్టు జతచేసి, ఇది ఫలానా ఆపరేషన్‌తో సమానం, అంత ఇవ్వండి అని బేరమాడేవాడు. ఒక్కోసారి గిట్టేది. టి కోడ్ వచ్చాక దాన్నే వేయాలి, అన్‌లిస్టెడ్ వేస్తే తప్పు. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకునే ప్రతి బీఫార్మసీ కుర్రాడూ ఈ నియమం అప్పజెబుతాడు. అంటే గుర్తింపు రాగానే బేరం పోయింది.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. కొత్తదల్లా మంచిది కాదు. నిరూపణ లేని పరికరాలకు జనం ప్రీమియం డబ్బు ధారపోయమని ఎవరూ అనరు. ఎంతమందికి చేస్తున్నారో లెక్క తెలియడానికే ఈ కోడ్‌లు అన్న మాటా అబద్ధం కాదు. కానీ లెక్క కోసమైతే లెక్కే పెట్టండి. ఆ తోకనే నేరానికి సాక్ష్యంగా చూపి రోగిని పంపేయడమేమిటి? వైద్యం మారదు, రుజువులు మారవు, కోడ్ చివర అక్షరం చూసి తీర్పు.

సీటీ స్కాన్ నుంచి గుండె రక్తనాళాల్లో ప్రవాహాన్ని లెక్కగట్టే పద్ధతి 2018లో టి కోడ్‌లతో మొదలై, 2024లో అయిదంకెలకు ఎక్కింది. ఇది అదృష్టజాతకం. మెదడులో రక్తప్రసరణ చూసే సీటీ పరీక్ష కోడ్, 0042టి, 2000ల తొలి ఏళ్లలో పుట్టింది. 2020లు వచ్చినా తోకతోనే తిరిగింది. ఇంతలో పక్షవాతం వచ్చిన రోగిని ఆపరేషన్ గదికి పంపాలా వద్దా అని తేల్చడానికి ఆసుపత్రులు ఆ పరీక్షను వాడుతూనే ఉన్నాయి.

మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉన్న ముసలివాళ్లకు ఇలాంటి టి కోడ్ వైద్యం చేసే ముందే ఒక కాగితం ఇస్తారు: మెడికేర్ ఇవ్వకపోవచ్చు, అప్పుడు మీరే కట్టాలి, ఇక్కడ సంతకం పెట్టండి. గుండె దడ తగ్గించుకోవడానికి వచ్చిన మనిషికి ఇదో ఉచిత సేవ.

నాదో చిన్న ప్రతిపాదన. క్లెయిములు తిప్పికొట్టే బీమా అధికారులందరి ఉద్యోగి నంబరు చివరా ఓ టి తగిలిద్దాం. వాళ్ల హాజరు పక్కాగా నమోదవుతుంది. జీతం ఇస్తామనీ కాదు, ఇవ్వమనీ కాదు. స్థానిక బ్రాంచి ఇష్టం. అయిదేళ్ల తర్వాత, ఇలాంటివాళ్లు దేశమంతటా విరివిగా పనిచేస్తున్నారని రుజువైతే కమిటీ పరిశీలిస్తుంది. జనవరి 1న ప్రకటిస్తాం, జులై 1 నుంచి అమలు.