కారందోసె హోటలు వాక్యమునకు టీకాతాత్పర్యము

మూలము: “మన సంస్కృతి శానా గొప్పది సార్. మావోనికి తెలుగు చదివేకి రాదు.”

అవతారిక: ప్రొద్దుటూర నొక హోటలునందు, ఎఱ్ఱకారము పూసిన దోసెను సగము ముగించి, మిగిలిన సగమును రెండవమారు వచ్చు చట్నీకై నిలిపియుంచి, పెన్షను ప్రతిమాసము తప్పక యందుకొనుచు దేశమును గూర్చి చింతించుటకు వలసినంత తీరిక గల యొక పట్టభద్రుడు, ఎదుటి బల్లవానితో ననిన మాట యిది.

పాఠాంతరములు: జమ్మలమడుగు ప్రతిలో, మొదటి వాక్యము ముగియగానే గండికోట దిక్కునకు చేయి చాచుట గలదు. పెన్న లోయ యంచున నిలిచి ఫొటో దిగి వచ్చినవారే గాని, మాధవరాయాలయమునుండి జామియా మసీదు వఱకు నడచి చూచినవా రీ పాఠమును వాడరు. పులివెందుల ప్రతిలో “ఇంగ్లీషులో మాత్రం ఫస్టు” అను నధికపాఠము గన్పట్టుచున్నది. ఇది ప్రక్షిప్తమని కొంద ఱందురు గాని, నా మతమున నదియే మూలము, తక్కినదంతయు ప్రక్షిప్తము.

ప్రతిపదార్థము: సంస్కృతి = దసరాకు అమ్మవారిశాలలోని యలంకారమును ఫోనున బట్టి, ఇంగ్లీషు అక్షరములలో తెలుగు శుభాకాంక్షలు చేర్చి, బంధువులకు పంపదగినది; శానా గొప్పది = గొప్పదని ముందే తేలినది, కావున విప్పి చూడ బనిలేనిది; సార్ = ఇందుకు సాక్షివైన యోయీ. తక్కినవి సులభములు. వ్యాఖ్యాతకు చిక్కెల్ల ‘మన’ యనుచోటనే యున్నది.

ఈ ‘మన’లో నెవరెవరు గలరు? ఇంతవఱకు దొరికిన తెలుగు శాసనములలో మొదటిదని పండితులు చెప్పునది, రేనాటిచోడుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతమున వేయించినది, ఎఱ్ఱగుంట్ల చెంతనున్న కలమళ్ళలోనిదే. 2008లో తెలుగునకు ప్రాచీనభాషయని గుర్తింపు వచ్చిననాడు మన వక్త వీథివారికెల్ల మిఠాయి పంచెను. కలమళ్ళ యన్న మాత్ర మతనికి థర్మల్ కేంద్రమే తోచును. ఈ ప్రొద్దుటూరనే దుర్భాక రాజశేఖర శతావధానిగారు రాణాప్రతాపుని, గడియారము వేంకటశేషశాస్త్రిగారు శివాజీని కావ్యనాయకులను జేసిరి. పుట్టపర్తి నారాయణాచార్యులవారు అగస్త్యేశ్వరుని గుడిలో శివతాండవము వ్రాసిరి. ఎక్కడి చిత్తోడుకోట, ఎక్కడి పెన్నయొడ్డు! ఆ కోట ప్రొద్దుటూరివారి దగుటకు ఛందస్సును వ్యాకరణమును జీవితమెల్ల సాధించిన పండితు డొకడు గ్రంథమంత శ్రమ పడవలసివచ్చెను. వారి ‘మన’ కష్టార్జితము. మనవానిది పిత్రార్జితము, అదియు దస్తావేజు చదువకయే యనుభవించుచున్నది. ఆ దస్తావేజు తెలుగులో నున్నది. బాలుని దప్పు పట్టను, బడిని ఎంచినదియు ఫీజు కట్టినదియు వాడు కాడు గదా.

అలంకారము: వ్యాజస్తుతి. నిందచే స్తుతియు, స్తుతిచే నిందయు నని లాక్షణికులు చెప్పిన రెండు భేదములును ఒక్క గుక్కలో నమరినవి. మొదటి వాక్యమున సంస్కృతిని పొగడి వదలించుకొనినాడు. రెండవదాన కొడుకును దూఱి మెచ్చుకొనినాడు. ‘రాదు’ అనునప్పుడు వక్త యెడమచేత మీసము సవరించుకొనుటను జూచినవారి కిందు సందేహముండదు.

తాత్పర్యము: ఓ యెదుటి బల్లవాడా! సంస్కృతిని గొప్పగా జేయుట పూర్వులవంతు, దానిని గాపాడుట ప్రభుత్వమువంతు, చదువుట ఎవరివంతో తెలియదు; గర్వించుట నావంతు గాన దానిని నేటి యుదయము నెఱవేర్చితిని, అని భావము.

ఎదుటి బల్లవాడు “మావోడూ అంతే సార్” అని, గర్వమున నేమియు దీసిపోక, రెండు కాఫీలు చెప్పెను.