డెబ్బై ఐదు శాతం నీడ

రేకు వేస్తే ఉడుకు, వల కడితే చినుకు, ఏమీ వెయ్యకపోతే మా ఆవిడ. మాది పడమటి వాకిలి. గంపలగూడెంలో కాపురం ఉన్నవాళ్లకి ఆ రెండు ముక్కలు చాలు, మిగతాది వాళ్లే పూరించుకుని "అయ్యో మాస్టారూ" అంటారు.

అంతటితో ఆగితే బాగుండును. ఆగరు. సలహా ఇస్తారు. ఎదురింటి అన్నయ్యగారు సిమెంటు రేకులే చలువంటారు. ఆస్బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, యాభైకి పైగా దేశాలు నిషేధించాయి కదండీ అన్నాను. "మా గొడ్ల పాకకి ఎప్పట్నుంచో అవే. గేదె ఒక్కసారి దగ్గలేదు" అన్నారు. దీనికి జవాబు ఆ సంస్థ దగ్గర కూడా ఉండదు.

డాలస్‌లో ఉన్న మా అల్లుడుగారు వాట్సాప్‌లో "పెర్గోలా" ఫొటో పంపించారు. నున్నటి చెక్క స్తంభాలు, పైన అడ్డంగా బద్దలు, బద్దల మధ్య ధారాళంగా ఆకాశం. పాదు ఎండిపోయిన చిక్కుడు పందిరిలా ఉంది. దానికి డాలర్లు పోస్తారట. రెండో ఫొటోలో చక్రం తిప్పితే ముడుచుకుపోయే గుడ్డ పందిరి. ఈ గుడ్డ సరదా కొత్తదేం కాదు. క్రీ.శ. 80లో తెరిచిన రోమ్ కొలోసియానికి కూడా ప్రేక్షకుల మీద ఎండ పడకుండా తెరలు కట్టేవారు, వాటిని లాగడానికి ఓడల మీద పనిచేసే నావికుల్ని పెట్టుకున్నారు. మన కట్టలేరు పొంగితే రాకపోకలు ఆగుతాయి గాని ఓడలు తిరగవు. నావికుల్ని నేనెక్కణ్ణుంచి తేను?

తిరువూరులో వలల కొట్టుకి వెళితే, "ఎంత శాతం నీడ కావాలండీ? యాభై ఉంది, డెబ్బై ఐదు ఉంది, తొంభై ఉంది" అన్నాడు. నీడని శాతాల్లో అడిగి కొనుక్కోవాలని నాకెవరూ చెప్పలేదు. ముప్పై ఐదు వస్తే పాసనే లోకంలో ఉద్యోగం చేసినవాణ్ణి గనక, డెబ్బై ఐదంటే డిస్టింక్షనే కదా అని మురిసిపోయాను. వానొస్తే? అన్నాను. "వలండీ ఇది" అన్నాడు, జాలిగా.

ఇక రేకు. మా బళ్లో చదివిన కుర్రాడే ఇప్పుడు వెల్డింగ్ షాపు పెట్టాడు. ఎనిమిదో తరగతిలో వైశాల్యం లెక్క ఇస్తే కిటికీలోంచి బయటికి చూస్తుండేవాడు. వాకిలి పొడుగు 19 అడుగులు, ముందుకి 12, మొత్తం 228 చదరపు అడుగులని నేనే చెప్పాను. వాడు టేపు చుట్టేస్తూ "294 మాస్టారూ" అన్నాడు. రేకు వాలుగా దిగాలి, చూరు బయటికి రావాలి, కాబట్టి 14 అడుగుల రేకు. వెడల్పు మూడున్నర. రేకు మీదికి రేకు ఎక్కాలి కాబట్టి ఆరు. "మీరు నేల కొలిచారు. డబ్బులిచ్చేది రేక్కి కదా." నేను బోర్డు మీద గీసిన దీర్ఘచతురస్రాలు ఏనాడూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కలేదు. పిల్లలు పాసైపోయారంటే అందుకే.

అసలు చిక్కు కోతులతో. ఈ ఊళ్లో ఎవరు ఏ కప్పు వేసినా తనిఖీ చేసేది అవే. వాటిలో ఓ పెద్ద మగ కోతి ఉంది, మా వీధిలో దాన్ని మేస్త్రీ అంటారు. ముందు చూరు అంచు పట్టుకుని ఊపి చూస్తుంది. తర్వాత నడిమధ్యకి పోయి కూర్చుని వీపు గోక్కుంటుంది. ఆ తర్వాత వెనక్కి వెళ్లి, పిట్టగోడ మీంచి పరుగెత్తుకొచ్చి దూకుతుంది. తాటాకైతే పీకుడు, వలైతే ఊగుడు, సిమెంటు రేకైతే పగులు, ఇనప రేకైతే మోత. ఆ మోతకి ముందు మేస్త్రీయే ఉలిక్కిపడుతుంది. కాసేపటికి నచ్చుతుంది. నచ్చిన సంగతి మిగతా మందకి చెబుతుంది. వెనక వీధిలో కొత్తగా షెడ్డు వేయించిన పంతులమ్మగారు అలారం పెట్టుకోవడం మానేశారు. కొండముచ్చుని కాపలా పెట్టమన్నారొకరు. మరి కొండముచ్చు ఎక్కడ కూర్చుంటుంది, రేకు మీదేగా? ఇంకొకాయన కొండముచ్చు బొమ్మతో ఫ్లెక్సీ కట్టించాడు. వారం తిరక్కుండా ఓ కోతిపిల్ల ఆ బొమ్మకి ఆనుకుని జామకాయ తింటూ కనబడింది. పాలికార్బనేట్ షీటు మీదైతే జారిపోతాయని కొట్టులో హామీ ఇచ్చారు. వెలుతురు దిగే షీటు కాబట్టి, జారుతున్న మేస్త్రీని కిందనుంచి కాఫీ తాగుతూ చూడొచ్చు. ఆ ఒక్క సుఖం కోసం దాదాపు ఖాయం చేశాను. వెలుతురుతోపాటు ఎండా దిగుతుంది కదండీ అని మా ఆవిడ గుర్తుచేసింది.

వేళాకోళం పక్కన పెట్టి చెబుతున్నాను, నాకు ఒళ్లు మండేది ఒక్కచోటే. వీళ్లందరూ అమ్మేది నడినెత్తి ఎండకి మందు. మన ఊళ్లో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొచ్చి, నిలబెట్టిన కర్రకి నీడే లేకుండా చేసేది ఏడాదికి రెండుసార్లు: మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. అదీ ఆ కాసేపే. పడమటి వాకిలికి ఎండ నెత్తిన రాదు, మూడింటికి మొహాన వస్తుంది. పైన ఎంత ఖరీదైన కప్పు వేసినా దాని కిందనుంచి ఏటవాలుగా దూరి, గడప దాటి మంచం దాకా వస్తుంది. పైగా ఇనప రేకు కాలిందంటే ఆ సెగ కింద కూర్చున్నవాళ్ల మీదికే దించుతుంది. పక్కనే ఉన్న తెలంగాణలో 2023లో కప్పులు చల్లబరిచే విధానం ఒకటి తెచ్చారు, ఎండని తిప్పికొట్టే తెల్లపూతలు వెయ్యాలని. మనమూ రేకుకి తెల్లరంగు వేసుకోవచ్చు. మొహాన కొట్టే ఎండకి ఏ రంగు వెయ్యాలి? ముందువైపు ఓ వట్టివేళ్ల తడిక వేలాడదీసి నీళ్లు చల్లితే సరిపోతుందేమోరా అంటే, "అది మన లైను కాదు మాస్టారూ" అన్నాడు నా శిష్యుడు.

వాడి నాన్నకి అదే లైను. ఏటా శ్రీరామనవమి ముందు మా వాకిట్లో తాటాకు పందిరి వేసింది ఆయనే. నాలుగు గుంజలు, వాసాలు, ఆకు. తొలకరి పడగానే విప్పేసేవాళ్లు. ఆకు పొయ్యిలోకి, గుంజలు పాక పక్కకి. ఎన్నేళ్లొస్తుందని మా నాన్న అడగలేదు. మళ్లీ ఏడు మళ్లీ వేస్తారు, అంతే. ఇప్పుడు ఆకు కోసేవాళ్లూ లేరు, కప్పేవాళ్లూ లేరు.

చివరికి అందరూ చేరేచోటికే, ఇనప రేకుల కొట్టుకే, మేమూ చేరాం. 20 ఏళ్ల గ్యారంటీ అన్నాడు కొట్టాయన. కార్డు తీసి, పెన్ను మూత విప్పి, నా తల వంక ఓసారి చూసి, "అబ్బాయిగారి పేరున రాయమంటారా?" అన్నాడు. తప్పుగా అనలేదు. నాకు 68. కూడికలు నాకూ వచ్చు. కాని మా వాడుండేది హైదరాబాదులో, ఏడో అంతస్తు ఫ్లాటులో. వాడికి వాకిలే లేదు. నేను పోయాక ఈ ఆరు రేకుల నీడ ఎవరి మీద పడుతుందో కొట్లో నిలబడి కాసేపు ఆలోచించాను. మేస్త్రీ తప్ప ఎవరూ తట్టలేదు.

నా పేరునే రాయమని అడ్వాన్సు ఇచ్చొచ్చాను. ఇంటికొచ్చి చెబితే, "రంగేమిటి? నీలమా, ఆకుపచ్చా?" అంది మా ఆవిడ. ఎదురింటి అన్నయ్యగారు అప్పటికే గేటు తీసుకుని లోపలికొస్తున్నారు.