పాడ్‌కాస్టు విన్నపము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: గ్రంథకర్త విశాఖ వన్ టౌన్ నివాసి. పోర్టులో 34 ఏళ్ళు ఓడల్లోంచి దిగే మూటలు లెక్కపెట్టి రిటైరయ్యారు. ఇంట్లో ఆయన మాట వినేవాళ్ళు తగ్గేకొద్దీ లోకానికి వినిపించాలన్న కోరిక పెరిగింది. ఊరి పాత కబుర్లు చెప్పించే ఓ కుర్రాడి పాడ్‌కాస్టుకి వాట్సాప్‌లో విన్నపం పంపారు. తొమ్మిది రోజులైనా నీలం టిక్కులే తప్ప జవాబు లేదు. పాత పోస్టాఫీసు దగ్గర టీ తాగుతూ, "ఏటండీ మాస్టారూ, ఇందులో తప్పేటుంది?" అని ఫోను నా చేతిలో పెట్టారు. తెలుగు మాస్టారుగా రిటైరైనవాణ్ణి తప్పు వెతకమంటే ఊరుకుంటానా?

మూలము: "గౌరవనీయులైన పాడ్‌కాస్టర్ గారికి నమస్సులు. నేను బహుముఖ ప్రజ్ఞాశాలిని. ఏ టాపిక్ మీదనైనా ఎంతసేపైనా మాట్లాడగలను. మీ ప్రోగ్రాం రోజూ చూస్తున్నాను. ఎప్పుడు రమ్మంటారు?"

ఛందస్సు వాట్సాప్. ప్రాసస్థానంలో దణ్ణం పెట్టే చేతులు మూడు జతలు.

ప్రతిపదార్థము:

పాడ్‌కాస్టర్ గారికి = పేరేమిటో నేను కనుక్కోని మీకు. ఐపాడ్‌లోని పాడ్‌నీ బ్రాడ్‌కాస్ట్‌లోని కాస్ట్‌నీ అతికి 2004లో బెన్ హామర్‌స్లీ అనే పాత్రికేయుడు గార్డియన్ పత్రికలో ఈ సమాసం వాడాడు. 2022లో యాపిల్ వాళ్ళు ఐపాడ్‌కి మంగళం పాడేశారు. పూర్వపదం పోయినా సమాసం నిక్షేపంగా ఉంది.

బహుముఖ ప్రజ్ఞాశాలిని = ఏ ఒక్క ముఖమూ చూపించని వాణ్ణి. స్త్రీలింగమనుకునే ప్రమాదం కూడా ఉంది. ఈ మాట సన్మాన సభలో శాలువా కప్పేవాడు అనాలిగాని, కప్పించుకునేవాడు అనకూడదు. సొంత డప్పుకి మన వైపు ఆదిగురువు గిరీశం. అంతటివాడు కూడా తనకన్నీ వచ్చునని అగ్నిహోత్రావధాన్ల గుమ్మం ఎక్కలేదు. సెలవుల్లో వెంకటేశానికి చదువు చెబుతానంటూ ఎక్కాడు. పరీక్ష తప్పిన కుర్రాడున్న ఇల్లు, వాడి అవసరం కనిపెట్టాడు. విన్నపం రాసేవాళ్ళు కన్యాశుల్కంలోంచి ఆ ఒక్క కిటుకూ పట్టుకుని, తక్కిన గిరీశాన్ని వదిలెయ్యాలి.

ఏ టాపిక్ మీదనైనా = ఫలానా టాపిక్ అంటూ నాకేమీ లేదు.

ఎంతసేపైనా = ఇది బెదిరింపు. 1963లో ఆకాశవాణి విశాఖ కేంద్రం వచ్చాక ఈ ఊళ్ళో మాటకి నిమిషాల లెక్క మొదలైంది. ప్రసంగకర్త ముందే కాగితం మీద రాసుకుని, గోడ గడియారం కేసి ఓ కన్ను వేసి చదివేవాడు. పాడ్‌కాస్టుకి గోడ గడియారం లేదు. వినేవాడి బొటనవేలుంది, అది ఇంకా కఠినం.

రోజూ చూస్తున్నాను = అబద్ధం. శంక: వినేదాన్ని చూడ్డమేమిటి? సమాధానం: యూట్యూబులో చూస్తారు, దోషం లేదు. దోషమల్లా "రోజూ" దగ్గరుంది. ఆ కార్యక్రమం వచ్చేది వారానికొకసారి. మెదక్ సీమ కొలిచెలమ వాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయనని ఒట్టేసుకుని మరీ కాళిదాసుకి వ్యాఖ్యానం చేశాడు. మనవాడు ఓ ముక్కుపచ్చలారని కుర్రాడి దగ్గర దొరికిపోయాడు.

ఎప్పుడు రమ్మంటారు? = పెళ్ళిచూపులు కాకుండానే ముహూర్తం.

తాత్పర్యము: నన్ను పిలవండి.

ఇంతవరకూ విని కర్త చిన్నబుచ్చుకున్నారు. "మీకే తెలిసింది ఏదన్నా ఒక్కటి చెప్పండి" అన్నాను. 1933లో జలదుర్గ ఓడ రేవులోకొచ్చిన సంగతి ఎత్తుకున్నారు. పుస్తకాల్లో ఉంది, వద్దన్నాను. అలల ధాటికి అడ్డంగా రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి ముంచిన సంగతి తీశారు. అదీ ఉందన్నాను. టీ చల్లారిపోయింది. కాసేపు గ్లాసులోకి చూసి, "మా తాత తాళంచెవి ఉందండీ ఇంట్లో" అన్నారు.

1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడ్డాక ఊరు ఊరంతా ఖాళీ అవుతుంటే, ఆ తాత కూడా పిల్లల్ని బండెక్కించి అనకాపల్లి దారి పట్టాడు. చెవి భద్రంగా మొలతాడుకి కట్టుకున్నాడు. తాళం మాత్రం వెయ్యలేదు, కప్ప గూట్లోనే ఉండిపోయింది. మూడు వారాలకి తిరిగొస్తే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

"ఏం పోయాయండీ?"

"ఏటీ పోనేదు. దొంగలూ పారిపోయేరు."

మర్నాడు వెళ్ళిన పాఠాంతరము: "నమస్తే బాబూ. కురుపాం మార్కెట్ మీద మీరు చేసిన ఎపిసోడ్ విన్నాను. బాంబుల రోజు మాటొచ్చి మధ్యలో ఆగిపోయింది. ఆ రోజు మా తాత తాళం వెయ్యడం మర్చిపోయి, చెవి మాత్రం పట్టుకుని పారిపోయాడు. ఆ చెవి నా దగ్గరుంది. పావుగంటలో చెప్పేస్తాను. గొంతు ఎలా ఉంటుందో వినడానికి నిమిషం వాయిస్ మెసేజ్ పెడుతున్నాను. శని, ఆదివారాలు ఖాళీ."

విశేషము: నిజంగానే విన్నాడనడానికి "మధ్యలో ఆగిపోయింది" సాక్ష్యం. హోస్టుకి అక్కడ ఓ ఖాళీ ఉందని అతనికే చూపించడం ఇందులో చమత్కారం. కథ చివర దొంగల ముక్క దాచమని నేనే చెప్పాను. అది మైకు ముందు పడాలి. వాయిస్ మెసేజ్‌లో వెనకనించి కుక్కర్ కూత వినబడింది. ఉంచెయ్యమన్నాను. పిల్లలు దాన్ని యాంబియెన్స్ అంటారట.

జవాబు గంటలో వచ్చింది: "సూపర్ అంకుల్. చెవి తప్పకుండా తెండి."

ఇక్కడ శ్లేషాలంకారం. వినే కార్యక్రమానికి చెవి లేకపోతే ఎలా? కుర్రాడు తెలిసే అన్నాడో లేదో మల్లినాథుడు కూడా చెప్పలేడు. శనివారమో ఆదివారమో కూడా తేల్చలేదు. కర్త మాత్రం ఆ సాయంత్రమే గుమ్మంలో చతికిలబడి ఇత్తడి చెవికి చింతపండు పట్టించి తోమేస్తున్నారు. "పాతది పాతలా ఉండనీండి మహాప్రభో!" అని లోపల్నించి వాళ్ళావిడ కేకలేస్తున్నారు.